కోరికలకు చోటిచ్చు కళ



చిత్రమును గీయువాడొకడు, చూచువారు పలువురు. కళను గూర్చి లోకములో నున్న సామాన్యాభిప్రాయ మిది. చూడవచ్చినవారు తమ మనసులోని కోరికను తెచ్చి చేర్చినగాని పూర్తికాని కళ వేరొకటి కలదు. దానికి రెండు దృష్టాంతములు చాలును.

మొదటిది అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమునందలిది. 2011లో కాండీ చాంగ్ అను కళాకారిణి, ఆప్తులొకరిని కోల్పోయిన దుఃఖములో, పాడుపడిన యొక ఇంటిగోడకు నల్లబల్ల రంగు వేసినది. మరణమునకు ముందు ఏమి చేయగోరుదురో పూరింపుడని ఒకే అసంపూర్ణ వాక్యమును వరుసలుగా దానిపై నచ్చువేసి, సుద్దముక్కల నుంచినది. మరునాటికే గోడ నిండిపోయినది. ఆ పద్ధతి తరువాత డెబ్బదికి పైగా దేశములకు ప్రాకినది.

రెండవదానికి అంతదూరము పోనక్కరలేదు. హైదరాబాదు పాతబస్తీలో, యాకుత్‌పురాకు చేరువనున్న దబీర్‌పురాలో బీబీ కా అలావా కలదు. క్రీ.శ. 680లో కర్బలాలో ప్రాణములర్పించిన ఇమాం హుస్సేనును స్మరించి, మొహర్రము పదవనాడు అచ్చటి అలమును ఏనుగుపై ఊరేగించుట ఆచారము. ఆ ఊరేగింపు యాకుత్‌పురా మీదుగా చార్మినారు చేరి, చాదర్‌ఘాటు వరకు సాగును. అది శోకదినము, వేడుక కాదు. అయినను జనులు తమ ఆశలను వెంటగొనియే వత్తురు. రోగము కుదురవలెనని, సంతానము కలుగవలెనని మ్రొక్కుకొని అలమునకు దట్టీలు సమర్పింతురు. నగర పోలీసు కమీషనరు సైతము దట్టీ సమర్పించుట వాడుక. లోహపు అలమును తీర్చినవాడు ఒక పనివాడు. దానిపై చేరిన వస్త్రములు వేలమందివి. తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగనాడు హిందువులును దట్టీలు కట్టుదురు.

ఈ రెంటికిని ఒక భేదము కలదు. గోడకు అక్షరము కావలెను. చదువురాని తల్లి సుద్దముక్కను పట్టుకొని ఏమి చేయగలదు? అలము నెదుట ఆమెకు ఎవరి సాయమును అక్కరలేదు. కాని ఆ దట్టీ ఏ బాధను మోసికొనివచ్చినదో పొరుగువారెరుగరు. ఎరుగనివారు ఆదుకొనజాలరు. గోడపై వ్రాతనైనను చదివి కదలువారు లేనిచో అది వట్టి అలంకారమే యగును.

ఇచ్చటనే గ్రంథాలయమునకు పని కలదు. వాకిట నొక నల్లబల్ల నుంచవలెను. వ్రాయరానివారు చెప్పగా వ్రాసిపెట్టుటకు ఒక యువకుడుండవలెను. పేరడుగరాదు. నెలకొకసారి కార్యవర్గము వానిని చదువవలెను. పుస్తకము కోరినవారికి పుస్తకము, అక్షరములు కోరినవారికి రాత్రిబడి సమకూర్పవలెను. చేయలేనిదానిని చేయలేమని ఆ బల్లమీదనే వ్రాయవలెను. ఊరక తుడిచివేయరాదు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఇతరుల మాటలను ఊరిచేత చదివించినది. ఇకమీదట ఊరి మాటను తాను చదువుగాక.