సంతకం పెట్టే ముందు లెక్క చూద్దాం
(మైలవరం రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పత్తి డబ్బో, మామిడికాయల డబ్బో చేతికి రాగానే మనలో చాలామందిమి బండి కొనాలనుకుంటాం. ట్రాక్టరైనా కారైనా విజయవాడ వెళ్తాం. షోరూములో టీ ఇచ్చి, ఇరవై ముప్పై చోట్ల సంతకాలు పెట్టించుకుంటారు. ఎరువుల బస్తా దగ్గర పది రూపాయలకు బేరమాడే మనం, లక్షల అప్పు దగ్గర మాత్రం నోరు మెదపం. మోసం జరిగేది అక్కడే.

ముందు వడ్డీ సంగతి చూద్దాం. "రూపాయి వడ్డీయే, బ్యాంకు కంటే ఏం ఎక్కువ?" అంటారు. ఆరు లక్షల అప్పు, అయిదేళ్లు, ఆరు నెలలకో వాయిదా అనుకుందాం. ఏడాదికి 72 వేల చొప్పున అయిదేళ్లకు 3 లక్షల 60 వేలు వడ్డీ కట్టి, మొత్తాన్ని పదితో భాగిస్తారు. వాయిదా 96 వేలు పడుతుంది. దీన్నే ఫ్లాట్ వడ్డీ అంటారు. ఇందులో కిటుకు ఏమిటంటే, ప్రతి వాయిదాతో మన అసలు తగ్గుతున్నా, వడ్డీ మాత్రం చివరిదాకా ఆరు లక్షల మీదే లెక్క కడతారు. అదే రూపాయి వడ్డీని మిగిలిన అసలు మీద కడితే వాయిదా దాదాపు 81,500 మాత్రమే. తేడా ఒక్కో వాయిదాకు 14 వేలకు పైన, మొత్తం మీద లక్షా 44 వేలు. అంటే రూపాయి అని చెప్పింది నిజానికి రూపాయి అరవై పైసల వడ్డీ. అందుకే "వడ్డీ ఎంత?" అని ఊరుకోకుండా, "ఫ్లాటా, తగ్గే అసలు మీదా? మొత్తం ఎంత కట్టాలి?" అని అడుగుదాం.

ఈ లెక్క కాగితం మీద అడిగే హక్కు మనకుంది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇలాంటి అప్పులన్నిటికీ 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి అసలైన వడ్డీ శాతం ఎంతో, ఏ వాయిదా ఎంతో అందులో ఉండాలి. అది మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అంటే తెలుగులో అడగొచ్చు. అందులో లేని చార్జీని మన ఒప్పుకోలు లేకుండా తర్వాత వేయకూడదు. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువివ్వాలి. "ఇవాళ సంతకం పెట్టకపోతే ఆఫర్ పోతుంది" అనేవాళ్లకు ఈ నిబంధన చూపిద్దాం.

ధర దగ్గరా జాగ్రత్త కావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు బిల్లులో కనిపించాలి. బండి ధర, పన్ను, రిజిస్ట్రేషన్, బీమా, అదనపు సామాను విడివిడిగా రాయించుకుందాం. 'హ్యాండ్లింగ్' అనో 'ఇతర ఖర్చులు' అనో రాస్తే, అవి దేనికో అడుగుదాం. బీమా షోరూము చెప్పిన కంపెనీలోనే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. రెండు మూడు చోట్ల ధర కనుక్కుందాం. అప్పుతోపాటు చెప్పాపెట్టకుండా ప్రాణబీమా అంటగడితే, దాని ప్రీమియంకూ మనమే వడ్డీ కడతాం.

ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టొద్దు. సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కును అవతలివాళ్లు నింపుకున్నా దానికి బాధ్యత మనదేనని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. పాత బండి మార్పిడికి ఇచ్చేటప్పుడు ఫారం 29, 30 మీద సంతకాలు చేసి వదిలేస్తాం. రికార్డులో పేరు మారకముందే ఆ బండి ఎవరినైనా గుద్దితే, నష్టపరిహారం రికార్డులో ఉన్న యజమాని మీదే పడుతుందని 2018లో అదే కోర్టు తీర్పిచ్చింది. కనుక పేరు మారిందాకా వెంటపడాలి. అప్పు తీరాక నో డ్యూ సర్టిఫికెట్, ఫారం 35 తీసుకుని, ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీయించుకోవాలి.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకు ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో మనం చూశాం. మునిగిన బండిని కడిగి, రంగేసి అమ్మడం కష్టమేమీ కాదు. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక చూడండి. కింద పరిచిన మ్యాటు ఎత్తండి, సీటు బోల్టుల తుప్పు చూడండి. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉందా, చలానాలు మిగిలాయా అన్నది ఎం-పరివాహన్ యాప్‌లో చూడొచ్చు.

ఇక పంట పోయి వాయిదా తప్పితే ఏమిటన్నది అసలు భయం. 2022 సెప్టెంబరులో జార్ఖండ్‌లోని హజారీబాగ్ జిల్లాలో ట్రాక్టరు స్వాధీనం చేసుకునే క్రమంలో ఒక రైతు కూతురు, గర్భిణి, అదే ట్రాక్టరు కింద పడి చనిపోయింది. దాంతో ఆ ఫైనాన్స్ కంపెనీ బయటి ఏజెంట్లతో వసూళ్లు చేయించకుండా రిజర్వు బ్యాంకు కొన్నాళ్లు ఆపించింది. గూండాలను పెట్టి బండ్లు లాక్కోవడం తప్పని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. బండి తీసుకునే ముందు ఎన్నాళ్ల నోటీసు ఇవ్వాలో ఒప్పందంలోనే ఉండాలి. అమ్మే ముందు బాకీ కట్టుకునే చివరి అవకాశం ఇవ్వాలి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్లు చేయకూడదు. అయితే ఇవేవీ బాకీని రద్దు చేయవు. కనుక వాయిదా తప్పేలా ఉంటే ముందే రాతపూర్వకంగా గడువు అడగాలి. ఏజెంటుకు రూపాయి ఇచ్చినా రసీదు తీసుకోవాలి.

అన్యాయం జరిగితే ముందు కంపెనీకి రాసి ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దానికి ఖర్చేమీ లేదు. సలహాకు ఫోన్ 14448. డీలరు మీదైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. బండికి కట్టిన ధర అయిదు లక్షల్లోపు అయితే ఫీజు లేదు.

చివరిగా మా విజ్ఞప్తి ఒక్కటే. సంతకం పెట్టేముందు ఆ కాగితాలు సంఘానికి తీసుకురండి. నలుగురం కూర్చుని లెక్క చూద్దాం. నాగలైనా ట్రాక్టరైనా మన భూమిని దున్నాలి తప్ప, మన భూమిని మింగకూడదు.