బొమ్మ కింద పేరెవరిది?

(చీమకుర్తి మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊరి నల్లరాయిని బ్లాక్ గెలాక్సీ అని దేశదేశాల్లో కొంటారు. కోసినవాళ్ల పేరు ఏ పలక మీదా ఉండదు. రాయి సంగతి సరే, చేత్తో వేసిన బొమ్మకీ అదే గతి పడితే?

నేను శ్రీకాళహస్తి పిల్లని. మా ఇంట్లో గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టడం, ఉతకడం, రంగులద్దడం అమ్మా నేనూ చేసేవాళ్లం. గీత నాన్నది, కాబట్టి కళాకారుడు ఆయన. నేను గీత నేర్చుకున్నా చిట్టాలో ఆయన పేరే. పెళ్లయి ఇక్కడికొచ్చాక ఒక వ్యాపారి నా కలంకారీలు తీసుకునేవాడు. “పేరు రాయొద్దమ్మా, కొనేవాళ్లకి అనవసరం” అన్నాడు. ఊరుకున్నాను. కొన్నేళ్లకి నా చెట్టుబొమ్మ క్యాలెండరు మీద ఇంకొకరి పేరుతో కనిపించింది. అడిగితే “డబ్బిచ్చి కొన్నాంగా” అన్నాడు.

అక్కడే ఉంది మెలిక. గుడ్డ కొన్నంత మాత్రాన అచ్చేసుకునే హక్కు రాదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు ఇచ్చినట్టు కాగితం మీద మన సంతకం ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లే చెల్లుతుంది. అయితే ఎవరైనా డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న చిత్రం మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు వాళ్లదే. అందుకే ఆర్డరు పుచ్చుకునే ముందే రాయించుకోవాలి. హక్కు అమ్మేసినా “ఇది నేను వేసింది” అనే హక్కు మాత్రం పోదు, అది 57వ సెక్షన్. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీది తన శిల్పాన్ని ప్రభుత్వం ఊడదీయిస్తే అమర్‌నాథ్ సెహగల్ ఆ సెక్షన్ మీదే కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పం తిరిగివ్వమంది, 5 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. ఆయన పేరున్న శిల్పి. మన దగ్గర రసీదు పుస్తకమైనా ఉండొద్దా?

ఇప్పుడు ప్రతి గుడ్డ వెనకా నా పేరు, తేదీ రాస్తాను. ఇల్లు దాటేముందు ఫొటో తీయిస్తాను. నా తరఫున అమ్మిపెట్టే తమ్ముడి కమీషను కాగితం మీద ఉంది. బిల్లు నా పేరునే, డబ్బు నా ఖాతాకే. మొదట్లో మా ఆయనకి కూడా ఇది నచ్చలేదు లెండి.

సంస్థల్లో పనిచేసే చెల్లెళ్లనీ ఒకటి అడగాలి. మీ ఎగ్జిబిషన్‌లో సంస్థ బోర్డు బారెడుంటుంది. బొమ్మ వేసినామె పేరు చిన్న చీటీ మీదైనా ఎందుకుండదు? “గ్రామీణ మహిళల చేతిపని” అంటే ఏ మహిళ?

నేను వాడే ఒప్పంద కాగితం తెచ్చాను. చేతిరాతే. జిరాక్సు తీయించుకుని, చదువురానివాళ్లకి చదివి వినిపించండి.