మడమ మీద రక్తపు చుక్క: తల్లులతో నాలుగు మాటలు

పురిటికి తోడొచ్చిన అత్తలు, అమ్మమ్మలు కూడా వినండి.

బిడ్డ బొద్దుగా ఉంటాది, పాలు తాగుతాది. అయినా థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోవచ్చు. పైకి తెలిసేసరికి మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. గతంలో హైదరాబాద్‌లో 18,300 మంది శిశువులను పరీక్షిస్తే, సుమారు 1,700 మందిలో ఒకరికి ఈ లోపం బయటపడింది. పుట్టిన రెండు వారాల్లోపే మందు మొదలుపెడితే బిడ్డ అందరిలాగే ఎదుగుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ లోపం కూడా ఉంది. మీ ఆసుపత్రిలో ఈ పరీక్ష ఎప్పుడు చేస్తారో ఇంటికెళ్లే ముందే అడగండి.

"పచ్చి పిల్లకి సూదేటమ్మా?" అంటారు పెద్దలు. తీసేది కొద్ది చుక్కలే. పుట్టాక 48 నుంచి 72 గంటల మధ్య తీస్తే మంచిది. అప్పుడు పాలు పట్టిస్తూ ఉంటే బిడ్డకు నొప్పి తగ్గుతుంది.

నమూనా బాగుండాలంటే:

• ముందు పాదాన్ని గోరువెచ్చని గుడ్డతో వెచ్చబరచాలి.
• మడమ పక్క భాగంలోనే గుచ్చాలి. మొదటి చుక్క తుడిచేయాలి.
• మడమను గట్టిగా పిండకూడదు.
• ఒక్కో గుండ్రం ఒకే పెద్ద చుక్కతో నిండి, కాగితం వెనక వైపుకీ దిగాలి. చుక్క మీద చుక్క వేయకూడదు.
• గుండ్రాలను ఎవరూ ముట్టుకోకూడదు.
• కార్డును ఎండలో పెట్టకుండా, నీడలో పరచి కనీసం 3 గంటలు ఆరనివ్వాలి. మన తీరం గాలిలో చెమ్మ ఎక్కువ, తొందరపడొద్దు.

ఇక మీ వంతు. పురుడయ్యాక మీరు కన్నవారింట్లో ఉంటారు. కార్డు మీద మాత్రం విశాఖలోనో చెన్నైలోనో పనికెళ్లిన భర్త నంబరు ఉంటాది. ఆ ఫోను ఎత్తకపోతే విలువైన రోజులు పోతాయి. అందుకే మీ దగ్గరుండే ఫోను నంబరు, మీరుండబోయే ఊరు, అక్కడి ఆశా కార్యకర్త నంబరు రాయించండి.

మళ్లీ రమ్మంటే భయపడొద్దు. నమూనా చాలక కూడా పిలుస్తారు. అలాగని ఆలస్యం చేయొద్దు. ఆ రోజే బయల్దేరండి. ఫలితం చెప్పలేదంటే బాగుందని అనుకోవద్దు. మీ ఏఎన్ఎమ్మును అడిగి తెలుసుకోండి.