ఏ తల్లిదండ్రుల అభిప్రాయం?

తల్లిదండ్రులు, స్వచ్ఛంద సంస్థలు బడి పెడితే ఖర్చు ప్రభుత్వం భరించే పద్ధతి 2010 చట్టంతో ఇంగ్లండులో వచ్చింది. 2011 సెప్టెంబరులో అలాంటి 'ఫ్రీ స్కూళ్ళు' 24 తెరిచారు. వాటిపై స్థానిక కౌన్సిలు అజమాయిషీ లేదు. మా పిల్లల చదువు మా చేతికొచ్చిందని కొందరు సంతోషించారు. ఉన్న బడుల నిధులకు గండి పడుతుందని ఉపాధ్యాయ సంఘాలు వ్యతిరేకించాయి.

నేనడిగేది ఒకటే. బడి పెట్టేందుకు దరఖాస్తులు రాసి, మీటింగులకు తిరగగల తీరిక ఏ తల్లికుంది? రెండు పూటలా పనికిపోయే ఆమె అభిప్రాయం ఎవరడిగారు?

మన 2009 విద్యాహక్కు చట్టం బడి కమిటీల్లో సగం స్థానాలు స్త్రీలకిచ్చింది. నేను వెళ్ళిన ఒక సమావేశంలో తల్లులు సంతకాలు పెట్టారు, భర్తలు మాట్లాడారు. కూలి పోతుందని కొందరు రానేలేదు. ముందు ఆ మీటింగును సాయంత్రానికి మార్పిద్దాం.