ఉద్యోగినులు - కంపెనీల కర్తవ్యము

1943లో మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుత్ శాఖలో పట్టము పొందినవారిలో అయ్యలసోమయాజుల లలితగారొకరు. పట్టపు పత్రము మీద 'అతడు' అను అర్థము గల ఇంగ్లీషు మాట ముందే అచ్చయి యున్నది. దానిని కొట్టివేసి 'ఆమె' అని మార్చి ఇయ్యవలసి వచ్చినది. ఆ పత్రమును అచ్చు వేయించినవారికి స్త్రీల యెడల ద్వేషమేమియు లేదు. ఒక స్త్రీ వచ్చి దానిని అందుకొనునని వారికి తోచలేదు, అంతే.

మన కంపెనీలలో స్త్రీల ఉద్యోగములను గూర్చి ఆలోచించునప్పుడెల్ల మాకు ఆ పత్రమే జ్ఞప్తికి వచ్చును. స్త్రీలను చేర్చుకొనమని బాహాటముగా చెప్పు యజమాని నేడు అరుదు. కాని పనివేళలను, జీతపు శ్రేణులను, పదోన్నతి నియమములను ఏర్పరచినవారి మనస్సులో నున్న ఉద్యోగి ఎవరు? ఇంట వండిపెట్టుటకు, బిడ్డను చూచుకొనుటకు మరియొకరున్న పురుషుడు. ఆ నమూనాలో ఇమడలేని స్త్రీ కొన్నియేండ్లు పనిచేసి మానుకొనును. 'ఆడవారు నిలువరు' అని యాజమాన్యము నిట్టూర్చును. నమూనాను మార్చవలెనని మాత్రము తోచదు.

లలితగారికి పదునైదవ యేట వివాహమైనది. పదునెనిమిదేండ్లకే భర్త మరణించెను. అప్పటికి బిడ్డకు నాలుగు నెలలు. గిండీ కళాశాలలోనే ఆచార్యులైన తండ్రి పప్పు సుబ్బారావుగారు ఆమెను చదివించిరి. పిదప ఆమె జమాల్పూరు రైల్వే కర్మాగారములో శిక్షణ పొంది, సిమ్లాలో ప్రభుత్వోద్యోగము చేసి, 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ కంపెనీలో చేరిరి. భాక్రా నంగల్ ఆనకట్టకు సంబంధించిన విద్యుత్తు పనిలో ఆమె చేయి కలదు. 1964లో న్యూయార్కు నగరములో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సదస్సులో పాల్గొనిరి.

ప్రతిభ ఆమెదే. కాని ప్రతిభ యొక్కటే చాలియుండునా? ఆమె పనికి వెళ్లిన వేళ బిడ్డను చూచుకొనుటకు అన్నదమ్ముల కుటుంబములుండెను. నేడు హైదరాబాదులోనో విశాఖపట్నములోనో ఇద్దరే కాపురముండు దంపతులకు అట్టి అండ ఎక్కడిది? నాడు పెద్ద కుటుంబము చేసిన పనిలో కొంత భాగమును నేడు కంపెనీ చేపట్టవలెను. మేము చెప్పదలచినది ముఖ్యముగా నింతే.

ఈ విషయమున చట్టము కొంత దారి చూపినది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనముల చట్టమును 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచిరి. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రమును ఏర్పాటు చేయవలెననియు, తల్లి దినమునకు నాలుగు మార్లు బిడ్డను చూచి రావచ్చుననియు విధించిరి.

ఇందులో గమనింపదగిన సూక్ష్మ మొకటి కలదు. 1948 నాటి కర్మాగారముల చట్టము శిశు సంరక్షణకై స్త్రీలను మాత్రమే లెక్కించినది. 50 మందికి మించి స్త్రీలుండిన కేంద్రము పెట్టవలెనని మొదట అనెను. 1976లో ఆ సంఖ్య 30కి దిగినది. దాని ఫలితమును ఊహించుట కష్టము కాదు. లెక్క తెలిసిన యజమాని ముప్పదియొకటవ స్త్రీని చేర్చుకొనుటకు వెనుకాడును. మేలు చేయవచ్చిన నియమమే తలుపు మూసినది. 2017 సవరణ స్త్రీ పురుషుల నందరిని కలిపి లెక్కించినది. బిడ్డ తల్లికి మాత్రమే చెందదనియు, తండ్రి పనిచేయు కంపెనీకిని బాధ్యత కలదనియు దీని తాత్పర్యము. కనుక ఆ కేంద్రములో తండ్రులు తెచ్చిన బిడ్డలకును చోటుండవలెను. ఒక్కరుగా పెట్టలేని చిన్న సంస్థలు, ఒకే పారిశ్రామిక వాడలోనివి, నాలుగైదు కలిసి ఒక కేంద్రమును నడుపుకొనవచ్చును.

ఉద్యోగుల రాజ్య బీమా వర్తింపని చోట, ఆ 26 వారముల జీతమును యజమానియే భరింపవలెను. ఇది చిన్న సంస్థకు బరువే, కాదనము. ఆ బరువునకు జంకియే, ఉద్యోగమునకు వచ్చిన యువతిని 'పెండ్లి ఎప్పుడు?' అని అడుగువారున్నారు. అట్టివారికి మా మనవి యిది: జమాఖర్చులలో రెండవ వైపును కూడ వ్రాసుకొనుడు. పని నేర్చిన మనిషి పోయినచో క్రొత్తవారిని వెదకుటకు, నేర్పుటకు, వారు తప్పులు చేసి దిద్దుకొనుటకు ఎంత వ్యయమగును? కేంద్రప్రభుత్వము తన పురుషోద్యోగులకు బిడ్డ పుట్టినపుడు 15 దినములు సెలవిచ్చుచున్నది. ప్రైవేటు కంపెనీలన్నియు అట్లే చేయవలెనను చట్టము లేదు గాని, చేయరాదను చట్టమును లేదు. తండ్రులును సెలవు తీసికొను ఆచారము నెలకొన్ననాడు, బిడ్డ పుట్టుక ఆడవారి లోపముగా లెక్కకు రాదు.

ఇక జీతము మాట. సమానమైన పనికి సమాన వేతనమను సూత్రము మన రాజ్యాంగపు 39వ అధికరణములో నున్నది. 1976లో దానికై ప్రత్యేక చట్టము వచ్చినది. 2019 నాటి వేతన స్మృతి దాని స్థానమును తీసికొన్నది. అయినను, పనికి వేరు పేరు పెట్టి వేతనమును తగ్గించు ఉపాయము పాతదే. బొంబాయిలోని మెకిన్నన్ మెకెంజీ కంపెనీలో స్త్రీ స్టెనోగ్రాఫర్ల జీతము పురుష స్టెనోగ్రాఫర్ల జీతము కంటె తక్కువగా నుండెను. వారు పెద్ద అధికారుల వద్ద పనిచేయువారు గనుక వేరు తరగతివారని కంపెనీ వాదించినది. 1987లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసివేసినది. కంపెనీ ఆర్థిక స్థితి బాగులేదనుటయు చట్టమును తప్పించుకొనుటకు సాకు కాదని చెప్పినది.

మన ప్రాంతమునే చూతము. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీయు చేతులు, పలాసలో జీడిపప్పు ఒలుచు చేతులు చాలవరకు స్త్రీలవే. అది 'తేలిక పని' అని పేరు. దినమెల్ల ఆ ఘాటులో కూర్చుండి పనిచేసిన వారి నడిగిన తేలిక యెంతయో తెలియును. పేరును బట్టి గాక, పనికి కావలసిన నేర్పును, శ్రమను, బాధ్యతను బట్టి జీతము నిర్ణయింపవలెను. యంత్రమును నడుపుట, తూకము చూచుట, లెక్కలు వ్రాయుట వంటి పనులలో స్త్రీలకును శిక్షణ ఇయ్యవలెను. చేరిన మెట్టు మీదనే పదవీవిరమణ చేయవలసి వచ్చినచో దానిని సమానత్వమనలేము.

రాత్రి పని విషయము మరియొకటి. రాత్రి 7 గంటలనుండి ఉదయము 6 వరకు కర్మాగారములలో స్త్రీలు పనిచేయరాదని పాత చట్టము నిషేధించినది. అది రక్షణయే గాని, అవకాశమునకు సంకెల కూడ. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి ఆమె సమ్మతి మీద, తగిన భద్రతతో, రాత్రి పనిని అనుమతించినది. ఇచట సమ్మతి అనగా 'వలదు' అన్నను ఉద్యోగమునకు భంగము రాని సమ్మతి. భద్రత అనగా ఇంటి గుమ్మము వరకు దింపు వాహనము, వెలుతురు గల దారి, శుభ్రమైన మరుగుదొడ్డి.

మర్యాద లేని చోట ఏ జీతమును ఆమెను నిలుపజాలదు. 1997లో సుప్రీంకోర్టు విశాఖ కేసులో ఇచ్చిన తీర్పును అనుసరించి 2013లో చట్టమైనది. 10 మంది, అంతకు మించి పనిచేయు ప్రతి సంస్థలోను అంతర్గత ఫిర్యాదుల సంఘముండవలెను. దానికి స్త్రీయే అధ్యక్షత వహింపవలెను. సభ్యులలో కనీసము సగము స్త్రీలు; ఒకరు బయటివారు. గోడమీద పేర్లు అంటించి ఊరకుండుట కాదు. ఆ పేర్లు గలవారి యొద్దకు పోవుటకు చిన్న ఉద్యోగిని జంకకుండవలెను.

ఏటేట కంపెనీలు లాభనష్టముల పట్టిక తయారుచేయును. దాని ప్రక్కన మరి మూడు అంకెలు వ్రాసికొనవలెనని మా కోరిక. ఈ ఏడు చేరిన స్త్రీలెందరు? కాన్పు సెలవు ముగించుకొని తిరిగి వచ్చి, మరుసటి ఏడును నిలిచినవారెందరు? పై మెట్టు ఎక్కినవారెందరు? మొదటి అంకె పెద్దదై తక్కిన రెండును చిన్నవైనచో, తలుపు తెరచితిమి గాని లోపల చోటు చేయలేదని అర్థము.

గిండీలో ఒక మాటను దిద్దిన పిదప ఆ పత్రము చక్కగా చెల్లినది. మన కార్యాలయముల నియమములలో ఇంకను దిద్దవలసిన మాటలు కలవు. కలము యాజమాన్యముల చేతిలో నున్నది.