వాస్తుశిల్ప విద్య: పాతబస్తీ బిడ్డలకు దారి

(ఇంటర్మీడియెట్ విద్యార్థులును వారి తల్లిదండ్రులును కూడిన పాతబస్తీ సభయందు చేయబడిన ఉపన్యాస పాఠము)



వాస్తుశిల్ప విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరితిరి. వాస్తు అనిన తోడనే కొందరు పెద్దలు ఈశాన్యమున బావియు ఆగ్నేయమున వంటిల్లును తలచుకొని చిరునవ్వు నవ్వుచున్నారు. నేను చెప్పబోవునది ఆ విద్య కాదు. భవనమును మనసున ఊహించి, కొలతలు కట్టి, గాలియు వెలుతురును లెక్కచూచి, కాగితముపై నిలిపి, మేస్త్రీ చేత కట్టించు విద్య. బి.ఆర్క్. అను పట్టము దానికి తొలిమెట్టు. ఇంజనీరింగు నాలుగేండ్లు, ఇది ఐదేండ్లు. ఆ ఐదవ యేడు కలిగినవారికి లెక్కలోనిది కాదు. లాడ్ బజారులో లక్కగాజులు చేసి కుటుంబమును పోషించు వానికి అది ఒక కుమార్తె పెండ్లి ఖర్చుతో సమానము.

కావుననే "మాబోటివారికి ఈ చదువు అందునా?" అని తల్లిదండ్రులు అడుగుచున్నారు. అందునని నా నమ్మకము. కాని ఈ విద్యలో డబ్బు లేనివాని కంటె ఆలస్యముగా మేల్కొన్నవాడే ఎక్కువ నష్టపోవుచున్నాడు. చవుక సీట్లన్నియు పరీక్షల వెనుక నున్నవి. ఆ పరీక్షల సంగతి తెలియువేళకు మనవారికి గడువు దాటిపోవుచున్నది. పిమ్మట మిగులునది యాజమాన్య కోటా. అచ్చట చెల్లించు అధిక ధనమును రుసుమనుట పొరపాటు. అది ఆలస్యమునకు మనము కట్టు జరిమానా.

ఈ ఊరికి ఈ విద్యతో గల సంబంధము కొంచెము తలచుకొందము. 1591 లో చార్మినారు లేచిన నాటినుండి ఇచ్చట రాయి చెక్కువారికిని, డంగుసున్నము నూరువారికిని, గచ్చుతో పూలు తీర్చువారికిని కొదవ లేదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరమును ముంచిన పిదప, 1912 లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి పత్తర్‌గట్టి వంటి వీథులను తీర్చినది. అప్పుడు ఆసుపత్రికి నమూనా గీయుటకు విన్సెంట్ ఎష్ అను ఆంగ్లేయుడు కావలసివచ్చెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు బెల్జియమువాడైన ఎర్నెస్ట్ జాస్పర్ కావలసివచ్చెను. అయితే ఆ విశ్వవిద్యాలయము కొరకే జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అను ఇద్దరిని ప్రభుత్వము తన ఖర్చుపై దేశదేశములకు పంపి అచ్చటి విశ్వవిద్యాలయములను చూచి రమ్మన్నది. 1939 లో తెరచిన ఆర్ట్స్ కళాశాల భవనమున ఆ యాత్రా ఫలము నేటికిని కన్పట్టుచున్నది. నేడు ఎవరును మనలను ఓడ యెక్కింపరు. ఎక్కింప నక్కరయును లేదు. బస్సు చాలును.

బస్సు అనుటకు కారణము కలదు. చార్మినారునకు కొద్ది మైళ్ల దూరమున, మాసాబ్‌ట్యాంకు వద్ద, జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప లలితకళా విశ్వవిద్యాలయము కలదు. 2008 లో అది ప్రత్యేక విశ్వవిద్యాలయమైనది. అంతకు ముందు జె.ఎన్.టి.యు. అంగముగా నుండెను. అది ప్రభుత్వ విద్యాలయము. ఇంటినుండి పోయి రావచ్చును గాన వసతిగృహపు ఖర్చు తప్పును. పాతబస్తీ విద్యార్థి మొదట గురిపెట్టవలసినది ఆ ద్వారమునకే యని నా నిశ్చితాభిప్రాయము. ఆ పిమ్మటనే తక్కినవి.

ఇక పరీక్షలు. ఎప్‌సెట్ వ్రాసితిని గదా, వాస్తుశిల్పమున సీటు వచ్చునని పలువురు భ్రమపడుచున్నారు. రాదు. రాష్ట్రములోని బి.ఆర్క్. సీటుకు నాటా అను అభిరుచి పరీక్షలోగాని, జె.ఇ.ఇ. మెయిన్ రెండవ పత్రములోగాని మార్కులుండవలెను; వానితో ఇంటర్మీడియెట్ మార్కులు కలిపి ర్యాంకు కట్టుదురు. నాటాను ఆర్కిటెక్చరు కౌన్సిల్ నడుపుచున్నది. 2025 నాటి పద్ధతిలో 200 మార్కులకు 80 చిత్రలేఖన భాగమునకే కేటాయించిరి. జె.ఇ.ఇ. రెండవ పత్రము 400 మార్కులది. అందు 100 చిత్రలేఖనమునకు. విజయవాడలో 2008 లో వెలసిన కేంద్ర ప్రణాళికా వాస్తుశిల్ప విద్యాలయమునకును, ఈ శాఖ గల జాతీయ సాంకేతిక విద్యాలయములకును ఈ రెండవ పత్రమే తాళపుచెవి. దీనిని తెలుగులోను ఉర్దూలోను కూడ వ్రాయవచ్చును. ఈ మాట మన గల్లీలలో ఎందరికి తెలియును? ఖరగ్‌పూరు, రూర్కీ, కాశీ ఐ.ఐ.టి.లకు మాత్రము జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డు గెలిచి, ఆపై మరియొక అభిరుచి పరీక్ష నెగ్గవలెను. ఢిల్లీలోని జామియా మిల్లియా, అలీగఢ్ విశ్వవిద్యాలయములలోను బి.ఆర్క్. కలదు, వానికి వేరుగా దరఖాస్తు చేయవలెను. ఇన్నింటికిని గణితము, భౌతికశాస్త్రము చదివియుండుట అవసరము. పదవ తరగతి ముగిసిన బాలికను బై.పి.సి.లో చేర్చి, రెండేండ్ల పిదప ఆర్కిటెక్టును చేయుదుమనుట కుదరదు.

చిత్రలేఖనము మాట వచ్చినది గనుక ఇంకొంచెము చెప్పెదను. దానికై వేలకు వేలు పోసి శిక్షణాలయమున చేర్చిన గాని రాదని వ్యాపారులు చెప్పుదురు. శిక్షణ మంచిదే. కాని పెన్సిలు, కాగితము గొని ప్రతి దినము సాయంకాలము చౌమహల్లా గోడయొద్దనో, మక్కా మసీదు మెట్లయొద్దనో కూర్చుండి, కమాను వంపును, నీడ పడు తీరును ఆరు మాసములు గీసిన విద్యార్థికి సగము పని తీరినట్లే. జూబిలీహిల్సు విద్యార్థి కారులో వచ్చి చూచిపోవలసిన పాఠము మీ వాకిట నున్నది. దానికి రుసుము లేదు.

ప్రైవేటు కళాశాలలో చేరవలసివచ్చినచో ఏమి చూడవలెను? మొదట, ఆర్కిటెక్చరు కౌన్సిల్ గుర్తింపు ఆ సంవత్సరమునకు కలదా యని కౌన్సిల్ ప్రకటించు పట్టికలో చూడవలెను. గోడమీది బోర్డు చాలదు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టము ప్రకారము కౌన్సిల్ రిజిస్టరులో పేరులేనివాడు తన్ను ఆర్కిటెక్టునని చెప్పుకొనరాదు. గుర్తింపులేని పట్టముతో ఆ రిజిస్టరున చోటు దొరకదు. ఇంటీరియరు డిజైను డిప్లొమాయును ఇదియును ఒకటే యని నమ్మించువారున్నారు. అది వేరు వృత్తి. దానిని తెలిసి యెన్నుకొనిన తప్పులేదు, మోసపోయి చేరిననే దుఃఖము.

రెండవది, పనిదినమున మధ్యాహ్నము పోయి స్టూడియోగదిని చూడవలెను. బల్లలపై సగము కట్టిన నమూనాలు, గోడలపై కొట్టివేతలతో నిండిన పటములు, ఒక విద్యార్థి ప్రక్కన కూర్చుండి పెన్సిలు పట్టి దిద్దుచున్న గురువు కన్పట్టినచో ఆ కళాశాల బ్రదికియున్నది. గది తాళము వేసియుండి, ఆవరణలో అద్దాలమేడ తళతళలాడుచుండిన తిరిగి రండు. నాలుగవ, ఐదవ సంవత్సరపు విద్యార్థులను నిలిపి, మీ అధ్యాపకులు ఏడాది పొడుగునను ఉందురా, తనిఖీనాడు మాత్రమే వత్తురా యని అడుగుడు. ప్రిన్సిపాలు చెప్పని మాట వారు చెప్పుదురు.

ఖర్చు సంగతి. ప్రైవేటు కళాశాలల రుసుమును రాష్ట్రపు నియంత్రణ సంఘము మూడేండ్లకొకసారి నిర్ణయించును. ఆ ఉత్తర్వు చూచి, అంతకు మించి అడిగినచో రసీదు కోరుడు. కాని రుసుమొక్కటే ఖర్చు కాదు. ఈ చదువునకు మంచి కంప్యూటరు కావలెను. కాగితము, అట్టలు, జిగురు, పటముల ముద్రణ ఐదేండ్లును తప్పవు, అధ్యయన యాత్రలుండును. ఒక అర్ధసంవత్సరము రిజిస్టరైన ఆర్కిటెక్టువద్ద శిక్షణ పొందవలెను. అప్పుడు చేతికి వచ్చునది చాల స్వల్పము. ఇవన్నియు ఒక కాగితముపై ఐదు గడులు గీసి వ్రాసికొనుడు. మొదటి గడిని మాత్రమే చూచి సంతకము చేసినవాని బిడ్డడు మూడవ యేట మానివేయును.

ఆదాయపు పరిమితిలో నున్న షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకులు మొదలగువారికి రాష్ట్రప్రభుత్వము బోధనా రుసుము తిరిగి చెల్లించు పథకము కలదు. గొప్ప మేలు. కాని ఆ డబ్బు సకాలమున రాక బకాయిలు పేరుకొనుచున్నవి. 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసి నిరసన తెలిపినవి. సర్కారునకును యాజమాన్యమునకును నడుమ నలుగునది విద్యార్థియే. ఇది ప్రభుత్వము సిగ్గుపడవలసిన విషయము. పథకమును నమ్ముకొనుడు, కాని సర్టిఫికెట్లు కళాశాలలో చిక్కుకొనకుండ ఒక యేటి రుసుము చేతనుంచుకొనుడు. జాతీయ సాంకేతిక విద్యాలయములలో కుటుంబాదాయము లక్షకు లోపలనున్న బోధనా రుసుము పూర్తిగను, ఐదు లక్షలకు లోపలనున్న మూడింట రెండు వంతులును మాఫీ యగును. పేరు వినగానే అది ధనికుల చదువని వెనుదీయువారు ఈ లెక్క చూడవలెను.

అప్పు చేయవలసినచో బ్యాంకునందే చేయుడు, వడ్డీవ్యాపారివద్ద కాదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన విద్యాలక్ష్మి పథకము క్రింద, ఎంపికైన సంస్థలలో చేరినవారికి పూచీ లేకుండ ఋణమిత్తురు. కుటుంబాదాయము ఎనిమిది లక్షలు మించనిచో పది లక్షలవరకు ఋణముపై మూడు శాతము వడ్డీరాయితీ కలదు. మీ కళాశాల ఆ పట్టికలో నున్నదో లేదో ముందే చూచుకొనుడు. అయిదు లక్షల అప్పు, పది శాతము వడ్డీ, ఏడేండ్లలో తీర్చవలెననిన నెలకు సుమారు 8,300 రూపాయలు. చదువుకాలపు వడ్డీ కలిసిన ఇంకను ఎక్కువ. ఆర్కిటెక్టు కార్యాలయములలో తొలి జీతములు చిన్నవి. పది లక్షల అప్పుతో బయటికి వచ్చిన యువకుడు తన కిష్టమైన పనిని వదలి, అప్పు తీర్చు పనిని వెదకుకొనును. కావున సొగసైన కళాశాలకు పది లక్షలా, దగ్గరలోని మంచి గురువులున్న కళాశాలకు నాలుగు లక్షలా యన్నప్పుడు నేను రెండవదానినే యెన్నుకొందును.

ఒక తల్లి లేచి, "మా అమ్మాయి రాత్రులు మేలుకొని బొమ్మలు కట్టవలెనట, ఎట్లు పంపుట?" అనుచున్నది. నిజమే, అమ్మా, ఈ చదువులో రాత్రులు మేలుకొనుట కలదు. అది చాలవరకు ఇంటియందే. కావలసినది దీపము క్రింద ఒక పెద్ద బల్ల. మూడు గదుల యింట ఆ బల్లకు చోటు చేయుట సులభము కాదని నేనెరుగుదును. అయినను చెల్లించు రుసుమువలెనే దానిని కూడ ఖర్చుపట్టికలో వ్రాసికొనుము.

జె.ఇ.ఇ. మెయిన్ దరఖాస్తులు ఇటీవలి సంవత్సరములలో అక్టోబరు, నవంబరు మాసములలోనే పిలుచుచున్నారు. రెండవ సంవత్సరపు విద్యార్థులు సభ ముగిసిన పిదప కొంచెముసేపు నిలిచియుండుడు. ఆ బల్లపై పాత ప్రశ్నపత్రములు కలవు. చూచుకొని మీ సందేహములు అడుగవచ్చును.