ఊరి తీర్మానం - న్యాయమైన ధర
(సభ్య సంఘాల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆ మధ్య సంఘాలు చూడబోయినప్పుడు ఒక గ్రామ పంచాయతీ కార్యాలయంలో మాకు టీ ఇచ్చి మర్యాద చేశారు. పాలు ఎక్కడివని అడిగాము. వేరే జిల్లా నుండి వచ్చిన ప్రైవేటు ప్యాకెట్టు అన్నారు. మన పాల సేకరణ కేంద్రం చూస్తే ఆ వీధి చివరనే ఉన్నది. అందులో ఎవరి తప్పూ లేదు. అడిగినవారు లేరు, ఆలోచించినవారు లేరు, అంతే. ఈ రోజు మా మాటలు ఆ టీ గురించే.

రైతు న్యాయమైన ధర కోసం సంఘం పెట్టుకుంటాడు. ఆ సంఘానికి ఊరి పంచాయతీ గాని, పురపాలక సంఘం గాని ఏ విధంగా అండగా నిలవగలదు? దీనికి ఒక మంచి ఉదాహరణ పాడి రైతుల ప్రాంతంలోనే ఉన్నది. అయితే అది మన దేశంలో కాదు, ఇంగ్లండులో.

ఆ దేశపు వాయవ్య భాగాన లాంకషైర్ జిల్లా. 1844లో రోచ్‌డేల్ కార్మికులు సహకార దుకాణం తెరిచి మనందరికీ దారి చూపినది ఆ జిల్లాలోనే. అక్కడ గార్‌స్టాంగ్ అనే చిన్న పట్టణం ఉన్నది. జనాభా నాలుగైదు వేలు. చుట్టూ పచ్చిక బయళ్ళు, పాడి ఆవులు. 1933 నుండి అక్కడి రైతుల పాలను కొని అమ్మిపెట్టడానికి పాల మార్కెటింగ్ బోర్డు ఉండేది. 1994లో దానిని ఎత్తివేశారు. కొన్నేళ్ళకే పాల ధర బాగా పడిపోయింది. 2000 సంవత్సరం నాటికి చాలామంది రైతులకు పెట్టిన ఖర్చు కూడా గిట్టలేదు.

ఆ పట్టణంలో బ్రూస్ క్రౌథర్ అనే పశువైద్యుడు, మరికొందరు కలిసి ఫెయిర్ ట్రేడ్, అనగా న్యాయ వర్తకం గురించి ప్రచారం చేస్తూ ఉండేవారు. దాని పద్ధతి మనకు కొత్తది కాదు. కాఫీ, కోకో వంటివి పండించే పేద దేశాల చిన్న రైతులకు, మార్కెట్టు ఎంత పడినా ఒక కనీస ధర దక్కాలి. ఆపైన వారి సంఘానికి కొంత అదనపు సొమ్ము ముట్టాలి. ఆ సొమ్ము బావికా, బడికా అన్నది సభ్యులే తీర్మానించుకోవాలి. ఈ విధంగా కొన్న సరుకు మీద ఒక గుర్తు ఉంటుంది.

ఎక్కడో ఉన్న కోకో రైతు సరే, మన గడప ముందున్న పాల రైతు సంగతేమిటని ఎవరికైనా తోస్తుంది. వారు ఆ ప్రశ్నను పక్కకు నెట్టలేదు. 2000లో ఊరి పెద్దలను, బడి అధిపతులను, వ్యాపారులను విందుకు పిలిచి, న్యాయ వర్తకపు సరుకులతో పాటు చుట్టుపక్కల రైతులు పండించినవి కూడా వడ్డించారు. ఆ ఏప్రిల్‌లో జరిగిన బహిరంగ సభలో ఊరివారు తమది న్యాయ వర్తక పట్టణమని ప్రకటించుకున్నారు. ప్రపంచంలో అదే మొదటిది.

ఇందులో స్థానిక కౌన్సిల్ వంతు ఏమిటి? ఇటువంటి పట్టణాలకు పెట్టిన నియమాలు ఐదు. మొదటిదే కౌన్సిల్ తీర్మానం. న్యాయ వర్తకాన్ని బలపరుస్తామని రాసుకోవాలి, తమ సమావేశాల్లో, కార్యాలయాల్లో ఆ కాఫీ, టీలే ఇవ్వాలి. తక్కినవి దుకాణాల్లో సరుకు దొరకడం, బడులూ సంస్థలూ వాడటం, పత్రికల్లో ప్రచారం, పని చూసేందుకు ఒక సంఘం. కౌన్సిల్ కొనే కాఫీ పొడి ఎంత? చాలా కొద్ది. కాని కౌన్సిల్ కొన్నదంటే దుకాణదారు ఆలోచిస్తాడు, బడివారు ఆలోచిస్తారు. ఈనాడు 30కి పైగా దేశాల్లో ఇటువంటి ఊళ్ళు 2000కు మించి ఉన్నాయి.

గార్‌స్టాంగ్ వారు ఆఫ్రికాలోని ఘనా దేశంలో న్యూ కొఫోరిడువా అనే కోకో రైతుల ఊరితో చెలిమి కలుపుకున్నారు. కోకో మనకూ తెలిసిన పంటే, గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతర పంటగా వేస్తున్నాము. ఆ దేశంలో కువాపా కోకూ అనే రైతుల సహకార సంఘం 1993లో ఏర్పడింది. దళారులు తూకంలో మోసం చేయడం అక్కడి రైతుల పాత బాధ. అందుచేత ప్రతి ఊరిలోనూ తూకం వేసి లెక్క రాసే మనిషిని రైతులే ఎన్నుకుంటారు. ఈ మాట విన్నప్పుడు మాకు మన లాక్టోమీటరు, వెన్న పరీక్ష గుర్తుకు వచ్చాయి.

ఉన్నదున్నట్లు చెప్పాలి. గార్‌స్టాంగ్ తీర్మానంతో ఇంగ్లండులో పాల ధర పెరగలేదు. అక్కడ పాడి క్షేత్రాలు తగ్గుతూనే వచ్చాయి. ఊరి తీర్మానం పెద్ద మార్కెట్టును ఆపలేదు. అయితే ధర అనేది రైతుకు, కొనేవాడికి మధ్య గుట్టుగా తేలే విషయం కాదనీ, ఊరంతటికీ పట్టవలసిన విషయమనీ తెలియజెప్పింది. మన బలం కూడా అక్కడే ఉన్నది.

ఇక మన సంగతి. సంఘాల పాలకవర్గాలకు మా మనవి ఇది. రాబోయే గ్రామ సభకు ఒక అర్జీ తీసుకొని వెళ్ళండి. పంచాయతీ సమావేశాల్లో మన సంఘం పాలే వాడాలని తీర్మానం అడగండి. అంగన్‌వాడీలకు, వసతి గృహాలకు పాలు కొనేటప్పుడు నిబంధనలకు లోబడి సహకార పాలను పరిశీలించాలని పై అధికారులకు సిఫారసు చేయమనండి. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులకు, బాలింతలకు 200 మిల్లీలీటర్ల పాలు చేర్చారు. ఇటువంటి కొనుగోలు రైతుకు నిలకడైన గిరాకీ. పాల కేంద్రానికి చోటు, వెలుతురు, నీళ్ళు కావాలన్నా పంచాయతీనే అడగాలి.

అడిగేవారి చేతులు కూడా శుభ్రంగా ఉండాలి. కేంద్రంలో కొలత, వెన్న శాతం, ఆనాటి ధర అందరికీ కనబడేటట్లు బోర్డు మీద రాస్తున్నామా? చెల్లింపు చెప్పిన తేదీకి ఇస్తున్నామా? రెండు లీటర్లు పోసే వితంతువుకూ, ఇరవై లీటర్లు పోసే ఆసామికీ ఒకే కొలత ఉన్నదా? సభ్యులను కూడా ఒక మాట అడుగుతాము. ఎండాకాలంలో పాలు తగ్గినప్పుడు ఎవరో రూపాయి ఎక్కువ ఇస్తామంటే అటు పోసి, చలికాలంలో పాలు పొంగినప్పుడు సంఘం వాకిట నిలబడితే, న్యాయమైన ధర అనే మాట మన నోట నిలుస్తుందా?

మళ్ళీ ఆ ఊరికి వెళ్తాము. ఈసారి పంచాయతీ వారు ఇచ్చే టీలో వీధి చివరి పాలు ఉండేటట్లు చూడటం అక్కడి మన సభ్యుల పని.